అడిగితే చెప్తడు

మా ఎం.ఏ. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మొన్న పొద్దున ఒకరు ఊరికే ఉండలేక అడిగారు: "అందరు ఇప్పుడేం చదువుతున్నరు?" ఇక చూడండి సంబరం. ఒకాయన టీ కప్పు పక్కన పుస్తకం పెట్టి ఫొటో. ఇంకొకామె దిండు మీద పుస్తకాలు పేర్చి ఫొటో, అందులో ఒకటి తలకిందులుగా ఉంది, అది వేరే సంగతి. మా కట్టంగూరు పిల్లగాడైతే, పిల్లగాడేమిటి, ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి, రాజ్యం మీదా స్వేచ్ఛ మీదా పెద్ద ఉపన్యాసమే రాసి పడేశాడు. నేనేం తక్కువ తిన్నానా! ముందుమాట దాటని ఒక లావుపాటి రాజనీతి పుస్తకం పేరు టైపు చేశాను. పంపబోతూ ఆగిపోయాను. గ్రూపులో ఆయన కూడా ఉన్నాడు కదా. చూస్తాడు కదా. చూసి, "ఎందాక వచ్చినవ్ చెల్లె?" అంటాడు కదా. మొత్తం తుడిపేశాను.

ఆయన పేరు రాయను. రాస్తే, "నేను గట్ల అనలే, గిక్కడ తప్పు రాసినవ్" అని ఫోన్ చేస్తాడు. మాకంటే పెద్దవాడు. డిగ్రీ అయ్యాక కొన్నాళ్లు గొర్లు కాశాడు. చదువు మీద మనసు చంపుకోలేక మళ్లీ నల్లగొండ వచ్చి యూనివర్సిటీలో మాతోపాటు చేరాడు. అచ్చంపేట అవతల, నల్లమల అంచున ఊరు. పొడుగు మనిషి, ఆ పొడుగుకు సిగ్గుపడుతున్నట్టు కొంచెం వంగి నడిచేవాడు. భుజాన తువ్వాలు క్లాసులో కూడా దిగేది కాదు. ఏదైనా ఆలోచనలో పడితే దాని అంచు పట్టుకుని పోగులు లాగుతుండేవాడు. మాది భువనగిరి దగ్గర మగ్గం నేసే ఇల్లు. నాకు ఒళ్లు మండేది. "పోగులు గుంజకు అన్నా, నేసినోళ్ల ఉసురు తగుల్తది" అనేదాన్ని. "ఔ గద, తప్పే" అని వదిలేసి, రెండో అంచు పట్టుకునేవాడు.

ఎవరు ఎదురైనా తిన్నవా, పన్నవా అని అడిగే రకం కాదు. "ఏం చదువుతున్నవ్? ఎందాక వచ్చినవ్?" అంతే. జవాబు చెప్పేదాకా కదలడు. ఇది వినడానికి ముద్దుగానే ఉంటుంది కానీ పడ్డవాళ్లకు తెలుస్తుంది. ఆయన మెట్ల దగ్గర కనిపిస్తే మేం వెనక దారిన పోయేవాళ్లం.

ఆ రోజుల్లో మా దగ్గర పుస్తకాలెక్కడివి! ఒక్కో పేపరుకు ఇంగ్లీషులో ఒక లావు పుస్తకం, లైబ్రరీలో దానికి ఒకే కాపీ. దాన్ని జిరాక్స్ తీయించి నలుగురం నాలుగు ముక్కలు పంచుకునేవాళ్లం. ఎవరి ముక్క వాళ్లు చదివి, మధ్యాహ్నం క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుని, మిగతా ముగ్గురికీ తెలుగులో చెప్పాలి. దాన్ని 'చెప్పుడు' అనేవాళ్లం. "నీ చెప్పుడు ఎప్పుడు?" "నా చెప్పుడు రేపు." అట్లా ఏ పుస్తకమూ మాలో ఎవరూ మొత్తం చదవలేదు, అన్ని పుస్తకాలూ అందరం చదివాం. ఇంగ్లీషు మాకు అంతంత మాత్రం. అర్థం కాని చోట ఏదో ఒకటి అల్లి అతికించేవాళ్లం. కట్టంగూరు పిల్లగాడి చెప్పుడు వింటుంటే ఆ గ్రీకు పండితులందరూ వాళ్ల ఊరి హైవే పక్కన చాయ్ తాగుతూ మాట్లాడుకున్నట్టుండేది. అంత సాఫీగా పోయేది.

ఆయన వంతు వస్తే మాత్రం మాకు గాబరా. కాగితం మీద వేలు పెట్టేవాడు.

"గీడిదాకా సమజైంది. గీ పేరా సమజ్ కాలే. మళ్ల గిక్కడికెళ్లి సమజైంది."

"ఆ పేరాల ఏముందో అంత చెప్పన్నా, పరీక్షల వస్తది!"

"సమజ్ కాలే అంటున్న గదనే. కానిది ఎట్ల చెప్త?"

ఆ పేరాలోంచే ప్రశ్న వచ్చింది. రాకుండా ఉంటుందా! కట్టంగూరు పిల్లగాడు సొంత కవిత్వం రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాడు. నేనూ ఏదో రాసి గట్టెక్కాను. ఆయన జవాబు పత్రంలో, ఈ భాగము నాకు అర్థము కాలేదు, అర్థమైన మేరకు రాయుచున్నాను, అని రాసి వచ్చాడట. ఆ పేపరు మళ్లీ రాయాల్సి వచ్చింది. మేం తిట్టాం. ఆయనేమీ బాధపడలేదు, రెండోసారి ఆ పేరా అర్థమైందని సంతోషపడ్డాడు.

ఇంకో గుణం ఉంది. చదివిందల్లా ఇంటికి మోసుకుపోయేవాడు. జనం ఒప్పుకుంటేనే రాజ్యానికి అధికారం అన్న పాఠం చదివిన వారం ఊరికి పోయి, గ్రామసభలో లేచి నిలబడి, "మనల్ని ఎవలన్న అడిగిండ్రా? మనం ఎప్పుడు ఒప్పుకున్నం?" అని అడిగాడు. ఊరంతా ఈయన సర్పంచ్‌కు నిలబడుతున్నాడు అనుకుంది. తెల్లారేసరికి సర్పంచ్ మనుషులు వాళ్ల బాపు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. "మీవోని పార్టీ ఏందే?" అని. వాళ్ల బాపు, "మావోడు పరీక్షకు చదువుతున్నడయ్యా, ఓట్లకు కాదు" అని చెప్పి పంపించేసరికి తలప్రాణం తోకకొచ్చిందట.

ఆ బాపును నేను మొదటిసారి చూసింది మేం నల్లమల చూడ్డానికి పోయినప్పుడు. దారిలో వాళ్లింట్లో ఆగాం. సాయంత్రం మంద దొడ్డికి చేరింది. గొర్ల అరుపుల మధ్య ఆ పెద్దమనిషి కాళ్లు చాపుకుని కూర్చుని, కొడుకును చూడగానే అన్న మొదటి మాట, "ఏం చదువుతున్నవ్‌రా గీ వారం?" అప్పుడు తెలిసింది నాకు, ఆ ప్రశ్న ఎవరి సొత్తో. ఈయన చెప్పడం మొదలుపెట్టాడు. ప్రభుత్వమే లేకపోతే మనుషులు ఒకర్నొకరు పీక్కుతింటారని ఒక పండితుడు అన్నాడు, అట్లాంటిదేదో.

"ఆనికి పనిలేదారా?" అన్నాడు తండ్రి. "తర్వాత?"

"తర్వాత సమజ్ కాలే బాపు."

"సమజ్ చేసుకోని రా. వచ్చే వారం చెప్పు."

విసుగు లేదు, తిట్టు లేదు. మేం అంతమందిమి మెట్ల మీద కూర్చుని పళ్లు కొరుక్కున్న చోట, ఆ మనిషి వచ్చే వారం చెప్పు అని బీడీ ముట్టించుకున్నాడు. నాకు ఆ కొడుకు మీద కొంచెం అసూయ కూడా కలిగింది. మా నాయన నా చదువు గురించి అడిగేది ఒకటే, ఎప్పుడు అయిపోతది అని.

ఆ తర్వాతి సెమిస్టర్లో వచ్చింది మా కొంప ముంచిన పుస్తకం. ఒక జర్మన్ పండితుడు, పేరు మాకు సరిగ్గా పలకడం రాదు. ఎంత అవసరమొచ్చినా సరే, ఎవరి ప్రాణం మీదికొచ్చినా సరే, అబద్ధం ఆడరాదని ఆయన వాదన. ఆ ముక్క ఈయన వంతుకు పడింది. మధ్యాహ్నం వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. కాగితం మీద వేలు పెట్టలేదు.

"గీసారి అంత సమజైంది," అన్నాడు.

ఆ మొహం చూసి మాకు నిజంగానే భయమేసింది. పడాల్సిన భయమే. సారు అడిగితే చెప్పేస్తాడని ఆ రోజు నుంచి మాకు దొంగ హాజరు బందైంది. మా ఇంటి నుంచి ఫోన్ చేసి మా పిల్ల లైబ్రరీలో ఉందా అని అడిగితే, "లేదు, సినిమాకు పోయింది" అని చెప్పాడు మహానుభావుడు! కొన్నాళ్లు ఆయనతో మాట్లాడలేదు నేను. "అడిగిండ్రు గద చెల్లె, అడిగితే ఏం చెప్త?" అని వెంట తిరిగాడు. తనంతట తాను ఎవరి గుట్టూ చెప్పడు. అడిగితే మాత్రం ఆగడు. ఒక చదువుకున్నవాడి చాదస్తం అనుకుని నవ్వుకున్నాం, అంతకుమించి ఏమవుతుందిలే అని.

చదువులు అయిపోయాయి. ఆయన అచ్చంపేట దగ్గర ఒక గురుకులంలో సోషల్ చెప్పుకుంటున్నాడు. నేను మహబూబ్‌నగర్‌లో ఒక కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌ని. ఒక రోజు వాళ్ల అన్న ఫోన్ చేశాడు. బాపును దవాఖానలో చేర్చారట, మా కాలేజీకి దగ్గరే.

పోయేసరికి అన్న కింద వరండాలోనే నిలబడి ఉన్నాడు. ఎండకు కమిలిన మొహం, కళ్లు ఎర్రగా ఉన్నాయి. కడుపులో గడ్డ అట. మంచిది కాదట. ముదిరిపోయింది, కోసినా లాభం లేదు, కొన్నాళ్లు సెలైన్లు ఎక్కించి పంపిస్తాం, ఇంటికి తీసుకుపోయి తినేది తిననియ్యండి అని డాక్టర్ చెప్పేశాడు.

"బాపుకు చెప్పిండ్రా?" అన్నాను.

"లేదు చెల్లె. గ్యాస్ అని చెప్పినం. మా పెద్దబాపుకు గిట్లనే అయితే డాక్టర్ మొకం మీద చెప్పిండు. గంతే, ఇంటికొచ్చి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. మెతుకు ముట్టలే. రోగంతోని కాదు, భయంతోని పోయిండు. బాపు గూడ గసుంటి మనిషే. చెప్తే దక్కడు." కళ్లు తుడుచుకుని గొంతు తగ్గించాడు. "నాకు బాపు గురించి కాదు ఫికర్. తమ్ముని గురించి. బాపు అడిగితే వాడు చెప్పేస్తడు. నీ మాట ఇంటడు, నువ్వు జర వాణ్ణి బయట పట్టుకో."

ఆయన రోడ్డవతల చాయ్ బండి దగ్గర బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో చాయ్ గ్లాసు మీగడ కట్టింది. పక్కన కూర్చున్నాను. ఓదార్చాలని పోయినదాన్ని, పోట్లాటే పెట్టుకున్నాను.

"ఆ పుస్తకం రాసినాయనకు తండ్రి లేకుండెనా అన్నా?"

"ఉండెనో లేకుండెనో అండ్ల రాయలే."

"నువ్వు చెప్తే బాపు తినుడు బంద్ చేస్తడు. మీ పెద్దబాపు లెక్కనే అయితది."

"ఎరుకే."

"ఎరుకైతే మరి? నోరు మూసుకోని గ్యాస్ అను. ఒక్క మాట!"

తువ్వాలు అంచు పట్టుకున్నాడు. చాలాసేపు పోగులు లాగాడు. ఆ రోజు నేను వద్దనలేదు.

"ఇన్నేండ్లు బాపుకు సమజైంది సమజైందని చెప్పిన, కానిది కాలేదని చెప్పిన. గిప్పుడు ఒక్కటి అబద్ధం చెప్తే, ముందటియన్ని గూడ అట్లనే అయితయ్ గద చెల్లె? గా పండితుని సంగతి ఇడిసిపెట్టు. బాపు నా మొకం జూసి అడిగితే నా నోట్లెకెళ్లి ఇంకోటి రాదు. నాకు ఎరుకే, రాదు." గ్లాసు కింద పెట్టాడు. "నన్ను పైకి, బాపు దగ్గరికి, పోనియ్యకు. నీ కాళ్లు మొక్కుత. నాకు భయమైతాంది."

సరే, నేను చూసుకుంటా అన్నాను.

దవాఖానలో ఉన్నన్నాళ్లూ ఆ బెంచీయే ఆయన ఇల్లు. నేను కాలేజీ అయిపోగానే వచ్చేదాన్ని. పైన వార్డులో ఆ పెద్దమనిషి నన్ను చూడగానే, "చిన్నోడేడి బిడ్డా?" అనేవాడు. మందులకు పోయిండు బాపూ. బడికి పోయిండు బాపూ. సంతకం పెట్టి వస్తనన్నడు బాపూ. నా నోట అబద్ధాలు ఎంత సునాయాసంగా వచ్చాయంటే నాకే ఆశ్చర్యం. తలుపు చప్పుడైనప్పుడల్లా మాత్రం నా పైప్రాణాలు పైనే పోయేవి. వాళ్లమ్మ కొంగు నోట్లో కుక్కుకుని తలుపు వైపే చూసేది. ఆ ముసలామెకు మొగుడి రోగం కంటే కొడుకు నిజం ఎక్కువ భయమైపోయింది, ఏం చిత్రమో.

ఇంటికి తీసుకుపోయే రోజు వచ్చింది. అన్న కింద కాగితాల పనిలో ఉన్నాడు. వాళ్లమ్మ గిన్నెలు కడగడానికి పోయింది. నేను బండి మాట్లాడి వస్తూ రోడ్డవతలికి చూశాను. బెంచీ ఖాళీ. చాయ్ బండి ఆయన్ని అడిగితే, పైనుంచి ఆయా వచ్చి మీ బాపు పిలుస్తున్నడని తోలుకుపోయింది అన్నాడు.

మెట్లు ఎట్లా ఎక్కానో నాకు తెలియదు. తలుపు దగ్గరికి పోయేసరికి ఆయన మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. తండ్రి లేచి కూర్చుని కాళ్లు కిందికి వేలాడేసుకున్నాడు.

"కింద కూసున్నవ్ గదరా ఇన్ని దినాలు. కిటికీలకెళ్లి కనపడ్డవ్."

"కూసున్న బాపు."

"బడికి పోలేదా?"

"పోలే."

"మందులకు?"

"పోలే."

నా అబద్ధాలన్నీ నా ముందే ఒక్కొక్కటి రాలిపోయాయి. ఆ పెద్దమనిషి నావైపు చూడను కూడా లేదు. కొడుకునే చూస్తున్నాడు. ఇక వచ్చేది ఆ ప్రశ్నే. మధ్యలోకి పోయి ఏదో ఒకటి వాగాలి, గ్లాసు కింద పడేయాలి, ఏదైనా చేయాలి. ఏదీ చేయలేదు. ఆయన చెయ్యి తువ్వాలు అంచు మీదికి పోయింది.

"నేను నిన్ను అడగనురా," అన్నాడు తండ్రి.

ఆయన కళ్లెత్తి చూశాడు.

"ఆళ్లందరు గ్యాస్ అంటున్నరు. గ్యాసే అనుకుంట. నిన్ను అడిగితే నువ్వు చెప్పేస్తవ్. నాకు భయమైతాంది బిడ్డా. అడగను."

"అడగకు బాపు," అన్నాడు ఆయన. అంత పొడుగు మనిషి గొంతు చిన్నపిల్లవాడి గొంతులా వచ్చింది.

సంగతి తెలిసి వాళ్లన్న నాకు చేతులెత్తి మొక్కాడు. "గండం గడిచింది చెల్లె!" అన్నాడు. వాళ్లమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నాకూ గుండె మీది బరువు దిగినట్టయింది. బండి కదిలేటప్పుడు ఆయన ఒక్కడే నవ్వలేదు. అలసిపోయాడు పాపం అనుకున్నాను.

వానకాలంలో ఒక సెలవు రోజు చూసి వాళ్ల ఊరికి పోయాను. ఆ పెద్దమనిషి సగమయ్యాడు. కానీ తింటున్నాడు. జావ తాగుతున్నాడు, ఇంత మామిడికాయ తొక్కు నాలిక్కి రాసుకుంటున్నాడు. వాళ్లన్న అన్నది నిజమే, చెప్పకపోవడమే ఆయన్ని నిలబెట్టింది. నన్ను చూసి ఎంత సంబరపడ్డాడో! బస్సు దొరికిందా, జీతం పెంచిండ్రా, మీ అమ్మ ఇంక మగ్గం మీద కూసుంటుందా, అడగని ప్రశ్న లేదు. పెద్దకొడుకును గొర్ల గురించి అడిగాడు. భార్యను నీళ్లు అడిగాడు. దారిన పోయేవాణ్ణి ఆపి, వాని బర్రె ఈనిందా అని అడిగాడు.

ఆయన బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాడు. తండ్రిని లేపడం, కూర్చోబెట్టడం, ఒళ్లు తుడవడం అన్నీ ఆయనే. ఆ పెద్దమనిషి ఆయన భుజం పట్టుకునే లేస్తాడు, ఆయన చెయ్యి పట్టుకునే నిద్రపోతాడు. అందుకే నాకు వెంటనే తెలియలేదు. తెలిసేసరికి మధ్యాహ్నమైంది. తండ్రి ఆయన్ని ఏదీ అడగడం లేదు. నీళ్లు కావాలంటే కుండవైపు చూస్తాడు, ఆయన ముంచి ఇస్తాడు. ఒక ప్రశ్న మొదలైతే దాని వెనక ఇంకోటి, దాని వెనక ఆ ఒక్కటీ వచ్చేస్తుందని భయం కాబోలు. ఆయన తండ్రి మంచం పక్కన ఒక పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. కొత్త పుస్తకం. అట్ట తండ్రికి కనపడేట్టు పట్టుకున్నాడు. కాసేపటికి పేజీ గట్టిగా తిప్పాడు. తండ్రి కళ్లు మూసుకున్నాడు.

మాటిమాటికీ అటే చూడబుద్ధి కాక నేను లేచి వాళ్లమ్మ దగ్గరికి వంటింట్లోకి పోయాను.

తిరిగి వచ్చి మంచం దగ్గర కూర్చునేసరికి వాన పట్టుకుంది. ఉరుకుతూ పోయి దొడ్డిలో గొర్రెపిల్లల మీద పట్టా కప్పి వచ్చాడు ఆయన. నెత్తి నుంచి కాళ్లదాకా తడిసిపోయాడు. అంగీ ఒంటికి అతుక్కుపోయింది. గడపలో నిలబడి జుట్టు తుడుచుకుంటుంటే నీళ్లు కారి గచ్చంతా మడుగైంది. తండ్రి ఆయన్ని చూశాడు. కాసేపు చూసి, మెల్లగా తల నావైపు తిప్పాడు.

"బిడ్డా, బయట వాన పడ్తాందా?"

"పడ్తాంది బాపూ," అన్నాను.

"మంచిగ పడ్తాందా?"

"మంచిగనే పడ్తాంది."

సాయంత్రం ఆయన నన్ను బస్సు ఎక్కించడానికి రోడ్డుదాకా వచ్చాడు. వాన తెరిపిచ్చింది. బస్సు లైట్లు మలుపులో కనపడ్డాక అప్పుడన్నాడు.

"దవాఖానల అడగకపోయె, మంచిదాయె. నేనే అడగకు అన్న." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "వాన గురించన్న నన్ను అడగొచ్చు గద చెల్లె. తడిసి ఎదురుంగనే నిలబడ్డ గద."